శ్రీమదైఓస్టాట్ విజయము

అవతారిక

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని లాక్షణికులు పట్టిక వేశారు. పురం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, విరహం, వివాహం, ప్రయాణం, యుద్ధం అంటూ మన కవులు వాటిని వరసగా పిండేశారు. తర్వాతివాళ్ళకు ఏమీ మిగల్చలేదనే అనుకున్నాం. కానీ ఒకటి మిగిలింది. సెకనుకొక వరుస చొప్పున నల్లని తెర మీద పుట్టుకొచ్చి, కొన్ని వరుసలకోసారి మళ్ళీ శీర్షిక ధరించి, ఎవరైనా కంట్రోల్-సీ నొక్కేదాకా అలుపన్నది ఎరగక సాగిపోయే అంకెల దండును ఏ ఆస్థానంలోనూ ఎవరూ పాడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఏకాశ్వాస వచన ప్రబంధం.

కథాస్థలం ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న ఒకానొక సర్వర్. కథానాయకుడు ఐఓస్టాట్ అనే కమాండు. టెర్మినళ్ళ లోపలికి ఎన్ని అక్షరాలు వచ్చాయి, బయటికి ఎన్ని పోయాయి, డిస్కు ఎన్నిసార్లు కదిలింది, ప్రాసెసర్ తన కాలాన్ని ఎలా ఖర్చుపెట్టింది అన్నది లెక్క చెప్పడం అతని వ్రతం. వేరే ఆయుధం లేదు, వేరే పౌరుషం లేదు.

ముందుగా ఇష్టదేవతా స్తుతి. ఎవడు తాను కనిపించకుండా కనిపించే సమస్తాన్నీ నడుపుతాడో, ఎవని అనుమతి లేనిదే ఒక్క బైటు కూడా గడప దాటదో, ఎవడు అలిగితే 'ప్యానిక్' అని ఒక్క కేకవేసి బ్రహ్మాండాన్నంతా రీబూట్‌లో లయం చేస్తాడో, ఆ కెర్నెల్ స్వామి మా యంత్రాన్ని చల్లగా చూచుగాక. నిజంగానే చల్లగా చూడాలి. సర్వర్ గదిలో ఏసీ ఆగితే ఏ స్తోత్రమూ పనిచేయదు.

పిమ్మట పూర్వకవి స్తుతి. 1969లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మరే హిల్‌లో, బెల్ ల్యాబ్స్‌లో, పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద యూనిక్స్‌కు తొలి పలుకు పలికిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలకు. దాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో పెంచి పెద్దచేసి బీఎస్‌డీ అని నామకరణం చేసిన ఆచార్యులకు, శిష్యులకు. ఆ వంశాంకురాన్ని 1993 నవంబరులో ఫ్రీబీఎస్‌డీ 1.0గా లోకానికి ఇచ్చినవారికి సాష్టాంగ నమస్కారం.

కుకవి నింద కూడా ఆచారమే గనుక అదీ కానిద్దాం. 'సర్వర్ స్లో' అని రెండే మాటలు రాసి, ఎప్పటి నుంచి, ఏ పనిలో, ఎంత అన్నది చెప్పకుండా, కింద 'అర్జెంట్' అని మూడుసార్లు రాసేవాడు మొదటి కుకవి. రోగమేదో తెలియకముందే ర్యామ్ కొనమనేవాడు రెండోవాడు. అన్నిటికీ రీస్టార్టే మందని నమ్మేవాడు మూడోవాడు. ఈ మూడోవాడి మందు ఒక్కోసారి పనిచేస్తుంది. అందుకే ముగ్గురిలోకీ ప్రమాదకారి అతడే.

ఇక కృతిపతి. మాదాపూర్ అద్దాల మేడలలో అట్లాంటిక్ అవతలి పగటిని తన రాత్రిగా చేసుకున్నవానికి, యంత్రంలోంచి పడే టీని అమృతమని సరిపెట్టుకున్నవానికి, రూట్ పాస్‌వర్డు తన దగ్గరున్నా రూట్ అధికారం మేనేజరుదేనని ఎరిగినవానికి, 'చిన్న డౌటు' అని మొదలైన ఫోను తెల్లవారేదాకా సాగగలదని తెలిసినవానికి, పండక్కి ఊరెళితే 'కంప్యూటర్ ఉద్యోగమేగా, మా ప్రింటర్ కాస్త చూడు బాబూ' అనిపించుకున్నవానికి, నైట్ షిఫ్ట్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుకు, అభ్యుదయ పరంపరాభివృద్ధిగా నేను వినిపించబోయే కథాక్రమం ఎట్టిదంటే.

పుర వర్ణనము

మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కని లోకం చులకనగా పిలిచే మహానగరం ఒకటి కలదు. అల్యూమినియం ప్రాకారం లోపల, ఒకే ఇరుసు మీద, అద్దాన్ని మించిన నునుపుతో పళ్ళెరాలు ఒకదానిపై ఒకటి కొలువుదీరి, నిరంతర పరిభ్రమణ జనిత మంద్రగంభీర ఘోషతో నగరాన్ని మోగిస్తుంటాయి. సూర్యరథానికి ఒకటే చక్రమని పురాణాలు గొప్పగా చెబుతాయి. ఇక్కడ మూడో నాలుగో ఉంటాయి. సూర్యుడు రోజుకొక ప్రదక్షిణ చేసి అలసి పడమటి కొండ చాటుకు పోతాడు. ఈ పళ్ళెరాలు నిమిషానికి 7,200, అంటే సెకనుకు 120 ప్రదక్షిణలు చేసి, ఆదివారం సెలవు కూడా అడగవు. పళ్ళెరం అంచున చీమను కూర్చోబెడితే అది గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో ఊరేగుతుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే ఆ చీమకు చలానా ఖాయం.

పళ్ళెరాల మీద హెడ్ అనే గరుత్మంతుడు విహరిస్తుంటాడు. నేలను తాకడు. గాలిపొర మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంటాడు. మన తలవెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లుంటుంది. అతని దారిలో ధూళికణం పడితే అది మేరుపర్వతమే. అతడు నేలకు దిగిన రోజు నగరానికి ప్రళయం. హెడ్ క్రాష్ అన్న పేరుతో పురజనులు ఆ దినాన్ని తలుచుకుంటారు, బ్యాకప్ లేనివారు మరీ ఎక్కువగా తలుచుకుంటారు.

వీధులన్నీ వలయాలే, ట్రాకులంటారు. వీధి పొడుగునా సెక్టర్లనే ఇళ్ళు. పాతకాలపు ఇంట్లో 512 బైట్ల చిన్న సంసారం. ఈ మధ్య కట్టినవాటిలో 4,096 బైట్ల ఉమ్మడి కుటుంబం. ఎవరింటికి కబురు పంపాలన్నా గరుత్మంతుడు ముందు ఆ వీధికి చేరాలి, తర్వాత ఆ ఇల్లు తిరుగుతూ తిరుగుతూ తన కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. ఇక్కడ తపాలా బంట్రోతు నిలబడి ఉంటాడు, ఊరే తిరిగి అతని దగ్గరికొస్తుంది.

ఈ నగరానిది చిన్న వంశం కాదు. వంశకర్త 1956లో కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో ఐబీఎం వారికి పుట్టిన ర్యామాక్. రెండడుగుల వ్యాసం గల 50 పళ్ళెరాలు, నిమిషానికి 1,200 తిరుగుళ్ళు, టన్నుకు తగ్గని దేహం, ఇంత ఆర్భాటానికీ కలిపి కడుపులో 50 లక్షల అక్షరాలు. ఈనాటి ఫోనులో తీసిన ఒకటి రెండు ఫోటోలకు అది నిండిపోతుంది. మేనల్లుడి అన్నప్రాసన ఆల్బమ్ ముందు ర్యామాక్ మహారాజు చేతులెత్తేస్తాడు.

ద్వార వర్ణనము

నగరానికి సింహద్వారం టెర్మినల్. ఐఓస్టాట్ పట్టికలో అందరికంటే ముందు కూర్చునేవి ఈ ద్వారం లెక్కలే: టిన్, టౌట్ అని రెండు గడులు. లోపలికి వచ్చిన అక్షరాలు టిన్, బయటికి పోయినవి టౌట్, సెకనుకు ఎన్ని అన్న లెక్కన.

పూర్వయుగంలో ఈ ద్వారాన్ని 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అనే ఉక్కు ద్వారపాలకుడు కాచేవాడు. సెకనుకు 10 అక్షరాలు అతని పరమావధి; ఒక్కో అక్షరానికీ ఒక్కో సమ్మెటపోటు, చివర గంట మోత. 1978లో డీఈసీ వారి వీటీ100 గాజుమొగంతో వచ్చి 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు గల వాకిలి తెరిచింది. ఇద్దరూ ఎప్పుడో మ్యూజియం చేరారు. అయినా ఇవాళ ల్యాప్‌టాప్‌లోంచి ఎస్ఎస్‌హెచ్ మీద వచ్చి వాలినవాడిని కెర్నెల్ ఆ వంశపువాడిగానే లెక్కగట్టి, టీటీవై అన్న పాత బిరుదుతోనే పద్దు రాస్తుంది. పెద్ద రాజ్యాలలో బిరుదులు అంత తేలిగ్గా పోవు.

ఇక ఆ ద్వారం గుండా సాగే దండయాత్రను వర్ణిస్తాను. కృతిపతి ఎల్ కొట్టాడు, ఎస్ కొట్టాడు, ఎంటర్ కొట్టాడు. మూడే మూడు నొక్కులు. మూడు లోకాలూ కదిలాయి. మీట కింది స్ప్రింగు వంగి లేచింది, సంకేతం ప్యాకెట్టుగా మారింది, సముద్రగర్భంలోని గాజుతీగలో కాంతిగా పరుగెత్తింది, సర్వర్ తలుపు తట్టింది, కెర్నెల్ తాను చేస్తున్న పని ఆపి మరీ లేచి స్వాగతం పలికింది. ఇంత ఊరేగింపుకూ టిన్ గడిలో పడింది 3. నొక్కిన అక్షరాలను తెర మీద మనకు మళ్ళీ చూపాలి గనుక అవి టౌట్‌లోనూ పడతాయి. పైగా ఫైళ్ళ జాబితా మొత్తం అక్కడే. ఆజ్ఞ మూడక్షరాలు, జవాబు మూడొందల అక్షరాలు. ఏ ఆఫీసులోనైనా ఇదే నిష్పత్తి.

పాస్‌వర్డు కొట్టేవేళ మాత్రం దృశ్యం మారుతుంది. అక్షరాలు లోపలికి పోతుంటాయి, బయటికి ఒక్కటీ రాదు. టిన్ కదులుతుంది, టౌట్ మౌనవ్రతం పూనుతుంది. తప్పు కొట్టి చెరిపిన బ్యాక్‌స్పేసు కూడా టిన్‌లో ఒక అక్షరమే. మనం వద్దనుకున్న మాట తెర మీద నుంచి పోతుందేమో గాని లెక్కలోంచి పోదు.

అర్ధరాత్రి మనం తప్ప మరెవరూ లాగిన్ కాని వేళ, మనమేమీ కొట్టకున్నా టౌట్ గడిలో ఏదో సంఖ్య మెరుస్తుంటుంది. దెయ్యమేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. దెయ్యం కాదు, మన నాయకుడే. సెకనుకొక వరుస తెర మీద రాస్తున్నాడు గదా, ఆ వరుసలోని అక్షరాలు కూడా టెర్మినల్ గుండానే పోవాలి గదా, వాటినీ లెక్కవేసి మరుసటి వరుసలో వేస్తున్నాడు. తన పద్యంలోని అక్షరాలను తానే లెక్కించి తర్వాతి పద్యంలో చెప్పుకునే కవి ఇతనొక్కడే. మనలో చాలామంది లెక్కించకుండానే చెప్పుకుంటాం.

నాయక వర్ణనము

ఐఓస్టాట్‌కు చిత్రగుప్తుడి పోలిక. కొలిచేది అతడు కాదు. కెర్నెల్ లోపల కొన్ని లెక్కపెట్టెలున్నాయి. యంత్రం మేలుకున్న నాటి నుంచి జరిగిన ప్రతి రాతా ప్రతి చదువూ వాటిలో పడుతూ ఉంటుంది. నాయకుడు చేసేదల్లా సెకనుకోసారి ఆ పెట్టెల్లోకి తొంగిచూసి, ఇప్పటి సంఖ్యలోంచి ఇందాకటి సంఖ్య తీసివేసి, గడిచిన సెకన్లతో భాగించడం. మూడో తరగతి తీసివేతలు, నాలుగో తరగతి భాగహారాలు. ఈ రెండిటితోనే అతడు సమస్త సర్వర్ల గుట్టూ రట్టు చేస్తాడు.

అయితే మొట్టమొదటి వరుస రాసేటప్పుడు తీసివేయడానికి 'ఇందాకటి సంఖ్య' అంటూ లేదు. అందుకని యంత్రం పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా జరిగినదానికంతా సగటు వేసి వదులుతాడు. రెండు నెలలుగా నడుస్తున్న సర్వర్‌లో ఆ సగటు అంటే రెండు నెలల చరిత్ర. ఇల్లు ఇప్పుడు తగలబడుతున్నా మొదటి వరుస చల్లగానే ఉంటుంది. కమాండును ఒక్కసారి కొట్టి, ఆ ఒక్క వరుస చూసి, 'డిస్కు బానే ఉంది సార్' అని ఫోను పెట్టేసే వీరులు అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నారు. వారి కొరకు ఈ ఆటవెలది:

మొదటి వరుస చూచి మోసపోకుము నీవు
నిన్నమొన్న కథలు నిండె నందు
రెండు మొదలు వచ్చు రీతులే నిజమయ్య
తిరుగు పళ్ళెరముల తీరు వినుము

ద్వారం లెక్కల తర్వాత డిస్కు లెక్కలు మూడు. ఒక్కో రాకపోకలో ఎన్ని కిలోబైట్లు అన్నది మొదటిది, సెకనుకు ఎన్ని రాకపోకలు అన్నది రెండోది, వెరసి సెకనుకు ఎన్ని మెగాబైట్లు అన్నది మూడోది. మొదటి రెంటినీ హెచ్చిస్తే మూడోది వస్తుంది. కుకవులందరూ మూడోదాన్నే చూస్తారు. కథంతా మొదటి రెంటిలో ఉంటుంది.

ఆ తర్వాత ప్రాసెసర్ కొలువులో అయిదుగురు మంత్రులు. జనం పని చూసే 'యూఎస్', పక్కవాడికి దారిచ్చి తర్వాత నడిచే మర్యాదస్తుడు 'ఎన్ఐ', రాజకార్యాలు చూసే 'ఎస్‌వై', తలుపు తట్టినవాళ్ళకు పలికే 'ఐఎన్', ఏ పనీ లేని 'ఐడీ'. అయిదుగురి వాటా కలిపితే నూరు. భిన్నాలు సవరించడం వల్ల ఒక్కోసారి 99 కనిపిస్తుంది. ఆ ఒక్క శాతం ఎవరు తిన్నారని విచారణ వేయనక్కరలేదు. మామూలు రోజుల్లో తొంభైకి పైగా వాటా ఐడీదే. ఏ పనీ చేయనివాడికే పెద్దపీట వేసిన కొలువు ఇదొక్కటేనని నేననను.

విరహ వర్ణనము

ప్రబంధానికి ప్రాణం విరహం. ఇక్కడ విరహి ఒక ప్రాసెస్. ఆమె కోరినది ఒక చిన్న ఫైలు. అది ర్యామ్ అనే చెలికత్తె దగ్గర ముందే ఉంటే విరహమే లేదు. అడిగిందే తడవుగా అందిస్తుంది, డిస్కుకు కబురే పోదు, ఐఓస్టాట్‌కు తెలియనే తెలియదు. చెలికత్తె 'నా దగ్గర లేదమ్మా' అన్నదా, ఇక డిస్కే గతి.

గరుత్మంతుడు సరైన వీధికి చేరడానికి సగటున 8 మిల్లీసెకన్లు. ఇల్లు తిరిగి కిందికి రావడానికి, సగటున అర ప్రదక్షిణ గనుక, 4 మిల్లీసెకన్లు. మొత్తం 12. మనిషికి ఇది రెప్పపాటులో చిన్న భాగం. కానీ 3 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ గడియారం ఆ కాస్తలో 3 కోట్ల 60 లక్షల సార్లు కొట్టుకుంటుంది. ఆ ఒక్కో టిక్కును ఒక సెకనుగా భావిస్తే, అది ఏడాదీ యాభై రోజుల ఎడబాటు. మేఘదూతంలో యక్షుడి శాపం ఏడాదే. ఆ ఏడాదికి కాళిదాసు ఒక కావ్యం రాశాడు. మన ప్రాసెస్‌కు ప్రతి చిన్న ఫైలుకూ ఒక యక్షవిరహం దాటిపోతుంటే, ఇంతవరకు ఒక్క చాటువు చెప్పినవాడు లేడు.

ఆ విరహావస్థకు 'డి' స్థితి అని పేరు. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండు కొడితే ఆమె పేరు పక్కన ఆ ఒక్క అక్షరం నిలిచి ఉంటుంది. మంచిగంధం పూసినా చల్లారదు, చంద్రుడిని తిట్టినా తీరదు. చివరికి మరణం కూడా ఆమె చేతిలో లేదు. కృతిపతి విసిగి కిల్ మైనస్ 9 అనే యమపాశం వేసినా, డిస్కు నుంచి జవాబు వచ్చేదాకా ఆ పాశం గుమ్మం బయటే వేచి ఉండాలి. సావిత్రి యముణ్ణి వాదించి ఆపింది. ఈమె మాట్లాడకుండానే ఆపుతుంది.

ఇక రాతల సంగతి. ప్రాసెస్ ఏదో రాయమంటుంది. కెర్నెల్ 'రాసేశాను' అంటుంది. నిజానికి చెలికత్తె చెవిలో వేసి ఊరుకుంటుంది. యూఎఫ్ఎస్ అనే పాత ఫైల్ వ్యవస్థలో ఇందుకు వాయిదాల చట్టమే ఉంది: ఫైళ్ళ విషయం 30 సెకన్ల తర్వాత, డైరెక్టరీలది 29 తర్వాత, మెటాడేటాది 28 తర్వాత డిస్కుకు చేర్చాలి. వినేవాళ్ళకు వేళాకోళంలా ఉంటుంది గాని, చెప్పదలచిన విషయం చివరగా, దానికి కావలసిన ఆధారం ముందుగా చేరాలన్న ధర్మం ఇందులో ఉంది. ఎవరూ ఏమీ చేయని క్షణంలో డిస్కు గడిలో రాతలు కదిలితే, అర నిమిషం కిందటి మాట ఇప్పుడు చెల్లుతోందన్నమాట.

యుద్ధ వర్ణనము

అంత, తెల్లవారుజామున 3 గంటల 1 నిమిషం అయ్యింది. బ్రాహ్మీ ముహూర్తానికి ఇంకా గంటకు పైగా ఉంది. కోడి కూయలేదు, పాలవాడు లేవలేదు. కానీ వేళకు పనులు చేయించే ఫ్రీబీఎస్‌డీ క్రాన్ పట్టికలో పుట్టుక నుంచీ రాసి ఉన్న ముహూర్తం అది. 'పీరియాడిక్ డైలీ' అనే సేనాని శంఖం పూరించాడు. అతని వెంట ఫైండ్ అనే వేగులవాడు బయల్దేరి, ప్రత్యేక అధికారాలున్న ఫైళ్ళు రాజ్యంలో ఎక్కడైనా కొత్తగా మొలిచాయేమోనని ప్రతి డైరెక్టరీ తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. అదే ముహూర్తానికి ఎవరో బుద్ధిమంతుడు బ్యాకప్ కూడా పెట్టాడు. డేటాబేసు తన చిన్న చిన్న రాతలు ఆపలేదు. మూడు సేనలు, ఒకే గరుత్మంతుడు.

అప్పుడు పరస్పర సంఘర్షణ సంజాత ఘర్ఘరారావ బధిరీకృత దిగంతరాళమై డిస్కు కొట్టుకోసాగింది. ఒకడు తూర్పు వీధికి రమ్మంటాడు, ఒకడు పడమటి వీధికి లాగుతాడు. కెర్నెల్ మధ్యన నిలబడి, లిఫ్టు పద్ధతిలో, ఒక దిక్కున వెళుతూ దారిలో పడ్డవారందరినీ ముగించి మళ్ళీ మొదటికి వద్దామని చూస్తుంది. డిస్కు తానే 32 ఆజ్ఞల వరకు దగ్గర పెట్టుకుని తన దారికి అనువుగా మార్చుకుంటుంది. అయినా వెనక వరుస పెరుగుతూనే ఉంది.

ఇక్కడ కృతిపతి లేచి, ఐఓస్టాట్‌ను డ్యాష్ ఎక్స్ అనే విశ్వరూపంలో ప్రత్యక్షం కమ్మన్నాడు. చదువులెన్ని, రాతలెన్ని, ఒక్కో చదువుకు ఎన్ని మిల్లీసెకన్లు, వరుసలో ఎందరున్నారు, డిస్కు ఎంత శాతం తీరిక లేకుండా ఉంది అని బాహువులన్నీ చాచి నిలిచాడు. తీరిక లేని శాతం: 100. సెకనుకు మెగాబైట్లు: అరకు లోపు.

చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వందకు వంద పని, ఫలితం అర మెగాబైటు కూడా లేదు. డిస్కు ముసలిదైపోయిందని ఒకరు, దొంగ నటన అని ఒకరు, కొత్తది కొనమని ముగ్గురు. లెక్క చూస్తే నింద నిలవదు. 4 కిలోబైట్ల ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో వీధిలో ఉంటే సెకనుకు 100 తేవడమే ఈ జాతి డిస్కుకు గగనం. నాలుగేసి కిలోబైట్లు నూరుసార్లంటే 400 కిలోబైట్లు. అదే డిస్కును 128 కిలోబైట్ల ముక్కలు ఒకే వీధి వెంట వరసగా తెమ్మంటే సెకనుకు 1,200 తేగలదు. అంటే 150 మెగాబైట్లు. 384 రెట్లు తేడా. రెండు సందర్భాల్లోనూ 'తీరిక లేని శాతం' గడిలో 100 అనే ఉంటుంది. పెళ్ళి సరుకుల జాబితా మొత్తం ఒకేసారి ఇస్తే కిరాణా కుర్రాడు ఒక్క ఆటోలో తెస్తాడు. ఒకసారి ఇంగువ, మరోసారి ధనియాలు, ఇంకోసారి ఉప్పు అని పంపుతూ 'వీడు రోజంతా తిరుగుతాడు గాని సామాను రాదు' అంటే ఎవరి తప్పు?

వరుసకూ నిరీక్షణకూ మధ్య ఒక సూత్రముంది. 1961లో జాన్ లిటిల్ దానికి రుజువు చూపాడు. సెకనుకు ఎందరు వస్తున్నారో, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారో హెచ్చిస్తే వరుసలో సగటున ఎందరున్నారో వస్తుంది. వచ్చేది సెకనుకు 100 మంది, వరుసలో ఉన్నది 32 మంది అంటే, ఒక్కొక్కరికి 320 మిల్లీసెకన్ల నిరీక్షణ. ఇందాక ఒంటరిగా వచ్చిన ప్రాసెస్‌కు 12 మిల్లీసెకన్ల విరహమే అంత ఘోరమైతే, ఇది పదమూడో ఏట కూడా ముగియని అరణ్యవాసం.

ఇక ఎస్ఎస్‌డీ అనే నవనాయకుడు రంగంలోకి దిగితే ఈ యుద్ధరీతే మారిపోతుంది. అతనికి పళ్ళెరాలు లేవు, గరుత్మంతుడు లేడు, వీధి మారడానికి ఆలస్యం లేదు. ఒకేసారి పదిమందికి పదిచేతులతో వడ్డించగలడు. కానీ 'తీరిక లేని శాతం' అనే గడికి ఆ పదిచేతులు కనపడవు. కనీసం ఒక్కరైనా భోజనానికి కూర్చుని ఉన్న సమయాన్నంతా అది తీరిక లేని సమయంగానే లెక్కవేస్తుంది. అందుకని ఎస్ఎస్‌డీ మీద 100 చూసి గుండెలు బాదుకోవడం తొందరపాటు. ఒక్కో చదువుకు ఎంతసేపు పడుతోందో చూడండి. అది నిలకడగా తక్కువే ఉంటే ఆ 100 వీరుడి ఆవులింత మాత్రమే.

చార వృత్తాంతము

యుద్ధం జరుగుతోందని తెలిసింది, తీవ్రత తెలిసింది, గాయపడ్డవారి సంఖ్య తెలిసింది. అసలు ప్రశ్న మిగిలింది: దండెత్తినవాడెవడు? ఇక్కడ మన నాయకుడు చేతులు జోడించి తప్పుకుంటాడు. ఎంత అన్నది చెప్పడం అతని వ్రతం, ఎవరు అన్నది చెప్పడం కాదు. చాడీలు చెప్పే అలవాటు అతనికి లేదు.

ఆ పనికి టాప్ అనే చారుడిని పిలవాలి. టాప్ డ్యాష్ ఎం ఐఓ అన్న మంత్రంతో పిలిస్తే, ప్రాసెస్‌లను ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఎవరెంత చదివారు, ఎవరెంత రాశారు అని పేర్లతో సహా అప్పజెబుతాడు. మన కథలో కూడా అలాగే చెప్పాడు. ముందు వరుసలో ఫైండ్ నిలబడ్డాడు. అతనిది దురుద్దేశం కాదు, నిత్యవిధి. వెనక బ్యాకప్. అతనిదీ పుణ్యకార్యమే. డేటాబేసు తన బతుకు తాను బతుకుతోంది. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురికీ ఒకే ముహూర్తం పెట్టిన పురోహితుడు మాత్రం క్రాన్ పట్టికలో బ్యాకప్ గంట రాసిన మానవుడు.

బ్యాకప్ ముహూర్తం ఓ గంట ముందుకు జరిగింది. మర్నాడు 3 గంటల 1 నిమిషానికి ఫైండ్ ఎప్పటిలాగే తలుపులు తట్టాడు, వరుస పెరగలేదు. కొత్త డిస్కు కోసం రాసిన కాగితం సంతకం పడకుండానే చెత్తబుట్టకు చేరింది. ఇంత యుద్ధానికీ అయిన ఖర్చు క్రాన్ పట్టికలో ఒక అంకె.

ఫలశ్రుతి

ఈ చరిత్రను శ్రద్ధగా చదివినవారికి మొదటి వరుస మోహం తొలగుతుంది. పంపిన ముక్క ఎంత చిన్నదో చూడకుండా మెగాబైట్లను చూసి నవ్వే దోషం పోతుంది. శాతం గడిలో నూరు కనపడగానే గుండె జారే జబ్బు నయమవుతుంది. విన్నవారికి టీ, వినిపించినవారికి నిద్ర లభిస్తాయి.

చివరగా ఒక మనవి. మీ ఆఫీసులో రేపు ఎవరైనా 'సర్వర్ స్లో' అని కేకవేస్తే డిస్కును తిట్టకండి. అది చెప్పినచోటికి పోవడం తప్ప మరొకటి ఎరగదు. ఐఓస్టాట్ కొట్టండి. రెండో వరుస నుంచి చదవండి. ఎవరు ఎంతసేపు ఎదురుచూస్తున్నారో చూడండి, వాళ్ళను అన్నిసార్లు పంపుతున్నదెవరో కనుక్కోండి. కొనుగోలు కాగితం మీద సంతకం ఆ తర్వాతి మాట.